కొత్త బ్రేకు డిస్కులు వేసినా ఆగని వణుకు: ఒక తుప్పు పెచ్చు కేసు

బండి ముందు చక్రాల డ్రైవ్ ఉన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ముందు గాలి పోయే బ్రేకు డిస్కులు, వెనక బ్రేకు డ్రమ్ములు, నాలుగు స్టడ్ల హబ్ (డిస్క్‌నీ చక్రాన్నీ నట్లతో బిగించే భాగం), టైర్లు 185/65 ఆర్15. కంపెనీ, షోరూమ్, ఓనరు వివరాలు ఇక్కడ అనవసరం. మీటరు మీద 12,300 కి.మీ. ఉన్నప్పుడు మా దగ్గరికి వచ్చింది. అప్పటికి బండి వయసు ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో ముందు డిస్కులు ఒకసారి లేత్ ఎక్కాయి, ఇంకోసారి పూర్తిగా మారాయి. అయినా వణుకు మళ్లీ వచ్చింది.

నేపథ్యం

ఓనరు వారానికోసారి హైదరాబాద్ నుంచి సూర్యాపేట వెళ్లొస్తారు. అంటే బండి తిరుగుడులో ఎక్కువ భాగం 65వ నంబరు జాతీయ రహదారి మీదే. నిలకడగా 90-100 వేగం, మధ్యలో పంతంగి, కొర్లపహాడ్ టోల్ గేట్లు, బ్రేకు వాడకం చాలా తక్కువ. ఈ సంగతి తర్వాత పనికొచ్చింది.

టైర్ల మీద తయారీ కోడ్ 1524. అంటే 2024లో 15వ వారం, ఏప్రిల్ నెల. డెలివరీ దసరాకి జరిగింది. బండి ప్లేటు మీద తయారీ నెల కూడా దాదాపు అదే. కాబట్టి వానాకాలం మొత్తం ఎక్కడో యార్డులో ఆరుబయట నిలబడిందన్నమాట. డెలివరీ రోజే బయట యాక్సెసరీ షాపులో స్టీలు రిమ్ములు తీసేసి, అవే టైర్లతో అల్లాయ్‌లు వేయించారు. ఓనరు ఈ మాట తనంతట తాను చెప్పలేదు. "డెలివరీ తర్వాత చక్రాలు ఎప్పుడైనా ఊడదీశారా సార్?" అని అడిగితేనే బయటికొచ్చింది. వణుకు కేసుల్లో ఈ ప్రశ్న రాయని జాబ్ కార్డు సగం జాబ్ కార్డే.

ఫిర్యాదు

ఓనరు మాటల్లో: "హైవే మీద స్టీరింగ్ వణుకుతోంది, బ్రేకు కొడితే ఇంకా ఎక్కువ." అంతకుముందు చూసినవాళ్లందరూ దీన్ని ఒకే ఫిర్యాదుగా రాసుకున్నారు. నిజానికి ఇందులో రెండు ఉన్నాయి. బ్రేకు ముట్టకుండా వచ్చే వణుకు వేరు, బ్రేకు మీద కాలు పెడితేనే వచ్చే వణుకు వేరు. మొదటిది డెలివరీ నుంచీ కొద్దిగా ఉంది, రోడ్డు వల్లేమో అనుకున్నారు. రెండోది 5,600 కి.మీ. దగ్గర మొదలైంది.

అప్పటికే జరిగిన పనులు

5,900 కి.మీ. దగ్గర వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేశారు. తేడా ఏమీ రాలేదు. అలైన్‌మెంట్ తప్పితే బండి పక్కకి లాగుతుంది, టైరు ఒక వైపు తినేస్తుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ వణుకు పుట్టించేది అది కాదు. బ్యాలెన్సింగ్ ఎందుకు పనిచేయలేదో కింద వస్తుంది.

6,400 దగ్గర రెండు డిస్కులనూ ఊడదీసి లేత్ మీద స్కిమ్మింగ్, అంటే ముఖాలు సన్నగా కోసి చదును చేయించారు. బ్రేకు వణుకు పూర్తిగా పోయింది. 8,700 కల్లా తిరిగొచ్చింది.

9,100 దగ్గర డిస్కులు, వాటిని రెండు పక్కలా నొక్కే ప్యాడ్లు కొత్తవి వేశారు. మళ్లీ పోయింది, 11,900 దగ్గర మళ్లీ వచ్చింది. ఈసారి ఓనరుకి దొరికిన జవాబు: "సార్, మీరు బ్రేకు గట్టిగా కొడుతున్నారు, డిస్క్ బెండ్ అవుతోంది."

రిపేరు చేసిన ప్రతిసారీ రెండు మూడు వేల కిలోమీటర్లు బాగుండి తిరిగొచ్చే వణుకు డ్రైవింగ్ తీరు వల్ల వచ్చేది కాదు. అది నెమ్మదిగా తయారవుతోందంటే, తయారుచేసేది ఏదో బండిలోనే మిగిలి ఉందని అర్థం. డిస్క్ మార్చినా పోలేదు కాబట్టి అది డిస్క్‌లో లేదు.

రోడ్ టెస్ట్

తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద, వెనక బండి లేనప్పుడే చేశాం. 92 నుంచి 104 వేగం మధ్య బ్రేకు ముట్టకుండానే స్టీరింగ్‌లో సన్నటి వణుకు. న్యూట్రల్‌లో వదిలినా అదే తీరు, కాబట్టి ఇంజన్ వైపు చూడాల్సిన పని లేదు. తర్వాత 100 నుంచి మెల్లగా బ్రేకు: 90 దగ్గర మొదలై, 80 దగ్గర స్టీరింగ్ అటూ ఇటూ గట్టిగా ఊగి, 50 కిందకి దిగేసరికి ఆగిపోయింది. పెడల్ కింద కూడా చిన్న పోటు తెలుస్తోంది.

60 వేగంలో హ్యాండ్‌బ్రేకు బటన్ నొక్కి పట్టుకుని కొద్దిగా లాగి చూస్తే సీటులో గానీ, నేలలో గానీ ఏమీ లేదు. వెనక డ్రమ్ములు అక్కడితో పక్కకి పోయాయి. పది బ్రేకులు వరసగా కొట్టి డిస్కుల్ని వేడి చేశాక కూడా వణుకు పెరగలేదు, తగ్గలేదు. వేడికే వచ్చే వణుకు అయితే ఇక్కడ బయటపడేది.

ఫోన్‌లో కంపనాలు కొలిచే యాప్ పెట్టి డ్యాష్‌బోర్డు మీద ఉంచితే 80 వేగంలో సెకనుకి సుమారు 11 ఊపులు చూపించింది. ఈ టైరు ఒక చుట్టుకి దాదాపు 1.95 మీటర్లు పోతుంది. 80 వేగమంటే సెకనుకి 22.2 మీటర్లు, చక్రం సెకనుకి 11.4 చుట్లు. అంటే చుట్టుకి ఒక్క ఊపు. చాలా కార్లలో ముందు సస్పెన్షన్, స్టీరింగ్ సహజంగా ఊగే వేగం సెకనుకి 10-15 సార్ల మధ్య ఉంటుంది. వణుకు సరిగ్గా 70-100 వేగంలో రెచ్చిపోయి, కింద సద్దుమణగడం అందుకే. 50 దగ్గర లోపం పోలేదు, దానితో కలిసి ఊగేది లేదంతే.

ఇక్కడ ఒక అనుమానం నిలబడింది. టోల్ గేటు దగ్గర గట్టిగా బ్రేకు కొట్టి, వేడి డిస్క్ మీద పెడల్ నొక్కిపట్టి నిలబడితే ప్యాడ్ పదార్థం ఆ చోట అంటుకుని అచ్చు పడుతుంది. ఈ బండికి దారిలో రెండు టోల్ గేట్లు ఉన్నాయి. చక్రాలు ఊడదీశాక అది కూడా కాదని తేలింది. డిస్క్ మీద ప్యాడ్ ఆకారంలో నల్ల మచ్చ లేదు. పైగా అచ్చు పడితే కుడి, ఎడమ రెండు డిస్కులకీ పడాలి. లోపం ఒక్క ఎడమదానిలోనే ఉందని కింది కొలతల్లో తేలింది.

కొలతలు

మొదట చక్రం బేరింగ్‌లో ఆట (వదులు) ఉందేమో చూశాం, లేదు. కాలిపర్‌ని (ప్యాడ్లని పట్టుకుని డిస్క్ మీద నొక్కే భాగం) విప్పి వైరుతో వేలాడదీసి (హోసు మీద బరువు పడకూడదు), డిస్క్‌ని వాషర్లు వేసిన నట్లతో హబ్‌కి బిగించాం. ఈ మోడల్లో డిస్క్‌ని హబ్‌కి పట్టే స్క్రూ లేదు, చక్రమే దాన్ని నొక్కిపెడుతుంది. కాబట్టి నట్లు బిగించకుండా డయల్ గేజ్ (ముల్లు ఆనించి సన్నటి ఊపుని కొలిచేది) పెడితే వచ్చే అంకెకి విలువ లేదు. గేజ్‌ని పట్టే అయస్కాంతపు స్టాండు స్టీరింగ్ నకల్‌కి (హబ్‌ని మోసే, చక్రంతోపాటు గుండ్రంగా తిరగని భాగం), గేజ్ ముల్లు డిస్క్ అంచు నుంచి 10 మి.మీ. లోపలికి, ఉపరితలానికి నిలువుగా. చేత్తో మూడు చుట్లు.

కుడి డిస్క్ పక్క ఊపు, అంటే రనౌట్, 0.03 మి.మీ. ఎడమది 0.11. బండి మీద కొలిచినప్పుడు 0.05 లోపు ఉంటే నిశ్చింత, 0.10 దాటితే ఏ డిస్కూ ఎక్కువ కాలం నిలవదు.

తర్వాత మైక్రోమీటర్‌తో మందం, ఎనిమిది చోట్ల. ఎడమ డిస్క్: 21.962, 21.958, 21.950, 21.943, 21.938, 21.942, 21.951, 21.959. ఎక్కువకీ తక్కువకీ తేడా 0.024 మి.మీ. తల వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. అయినా 0.015-0.02 దాటితే చాలా కార్లలో స్టీరింగ్‌కి తెలిసిపోతుంది. కుడి డిస్క్‌లో తేడా 0.006 మాత్రమే.

డిస్క్ "బెండ్ అయింది" అనే మాట షెడ్లలో రోజూ వినపడేదే, కానీ ఇక్కడ వంగిందేమీ లేదు. ఒక చోట పలచగా, ఒక చోట మందంగా ఉంది. మందం ఉన్న చోటు ప్యాడ్ల మధ్యకి వచ్చినప్పుడు ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ వెనక్కి నొక్కుకుంటుంది, పెడల్‌కి పోటు తగులుతుంది, ఆ చక్రం మీద బ్రేకు బలం ఒక్క క్షణం పెరుగుతుంది. పలచని చోటు రాగానే తగ్గుతుంది. చుట్టుకోసారి ఒక చక్రాన్ని వెనక్కి లాగి వదిలితే, చక్రాన్ని స్టీరింగ్‌కి కలిపే టై రాడ్ ద్వారా స్టీరింగ్ ఊగక ఏం చేస్తుంది?

మరి మందం ఎందుకు మారింది? దానికి జవాబు రనౌట్‌లో ఉంది. డిస్క్ ఒక పక్కకి 0.11 ఊగుతూ తిరిగితే, బ్రేకు వేయనప్పుడు కూడా ఎత్తుగా వచ్చే చోటు ప్రతి చుట్టులో ప్యాడ్‌ని గీసుకుంటూ పోతుంది. ఆ చోటు మాత్రమే అరుగుతుంది. సిటీలో తిరిగే బండి అయితే నిమిషానికోసారి బ్రేకు పడి డిస్క్ మొత్తం సమంగా అరిగి, ఈ తేడా పెరగకుండా కొంత చూసుకుంటుంది. హైవే మీద గంటసేపు బ్రేకు లేకుండా పోయే బండిలో ఆ గీత అలా పేరుకుంటూనే ఉంటుంది. ఓనరు బ్రేకు గట్టిగా కొట్టడం కాదు, తక్కువ కొట్టడమే ఈ వణుకుని పెంచింది.

లెక్కకైతే ఊగే డిస్క్ రెండు చోట్ల అరగాలి: బయటి ముఖం మీద ఒక చోట, దానికి సరిగ్గా ఎదురుగా లోపలి ముఖం మీద ఇంకో చోట. అప్పుడు చుట్టుకి రెండు ఊపులు వచ్చేవి. ఇక్కడ ఒకటే వచ్చింది. కాలిపర్ అటూ ఇటూ జారడానికి ఉండే స్లైడ్ పిన్నులు తీసి చూస్తే ఎడమ వైపు కింది పిన్ను పొడిగా, బిగుసుగా ఉంది. రెండుసార్లు విప్పినవాళ్లు గ్రీజు తుడిచారు గానీ కొత్తది పెట్టలేదు. పిస్టన్ వైపు ప్యాడ్, పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు సీలు దాన్ని వెనక్కి లాగడంతో, కాస్త తప్పుకుంటుంది. బయటి ప్యాడ్ తప్పుకోవాలంటే పిన్నులు జారాలి. జారలేదు కాబట్టి అదే డిస్క్‌కి ఆనుకుని ఉంది. బయటి ప్యాడ్ మందం 8.6, లోపలిది 9.0 మి.మీ. రెండోసారి, మూడోసారి వణుకు మొదటిసారి కంటే త్వరగా తిరిగి రావడానికి కూడా ఇదే కారణమని మా లెక్క.

డిస్కా, హబ్బా

0.11 రనౌట్ ఎక్కడిదో తేల్చడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. గేజ్ ఎక్కువ చూపించిన చోట డిస్క్ మీద సుద్దతో గీత, దానికి దగ్గరగా ఉన్న స్టడ్ మీద ఇంకో గీత. డిస్క్ తీసి రెండు స్టడ్లు జరిపి, అంటే 180 డిగ్రీలు తిప్పి మళ్లీ బిగించి కొలవాలి. ఎత్తు సుద్ద గీతతోపాటు జరిగితే తప్పు డిస్క్‌ది. అదే స్టడ్ దగ్గర ఉండిపోతే హబ్‌ది. ఇక్కడ ఎత్తు స్టడ్‌ని వదల్లేదు.

డిస్క్ లాగి టార్చి వేస్తే కనిపించింది. హబ్ ముఖం చాలావరకు మెరుస్తోంది. ఒక స్టడ్ పక్కన, అంచుకి దగ్గరగా, కందిబద్ద పరిమాణంలో తుప్పు పెచ్చు. నాలుగు నట్ల బిగువుకి నలిగి నలిగి ఇనుముకి రంగులా అతుక్కుపోయింది. గోటితో గీకితే రాలేదు, చూపుడు వేలు నెమ్మదిగా జరిపితే మాత్రం గట్టు తగులుతోంది. డిస్క్ లోపలి ముఖం మీద సరిగ్గా ఆ చోట దాని జోడీ మచ్చ.

పెచ్చు ఎత్తు సుమారు 0.06 మి.మీ. హబ్ ముఖం మీద అటు అంచు నుంచి ఇటు అంచుకి 130 మి.మీ. గేజ్ ముల్లు తిరిగిన వృత్తం వ్యాసం 236 మి.మీ. 0.06ని 236తో గుణించి 130తో భాగిస్తే 0.109. గేజ్ చూపించింది 0.11.

అది అక్కడికి ఎలా చేరిందన్నది ఊహే, కానీ బలమైన ఊహ. వానాకాలం యార్డులో నిలబడిన బండి హబ్ అంచులకి తుప్పు పట్టింది. అల్లాయ్‌లు వేయడానికి చక్రం తీయగానే, స్క్రూ లేని డిస్క్ ముందుకి వాలింది. వెనక సందు తెరుచుకుంది. అంచు నుంచి రాలిన పెచ్చు అందులో పడింది. పైన అల్లాయ్ పెట్టి నట్లు గన్‌తో బిగించేశారు. లేత్ పని చేసినవాళ్లు డిస్క్‌ని తెచ్చి అదే పెచ్చు మీద కూర్చోబెట్టారు. కొత్త డిస్క్ వేసినవాళ్లూ అంతే.

బ్రేకు లేని వణుకు

అల్లాయ్ మధ్య రంధ్రం 73.1 మి.మీ., బండి హబ్ 54.1. మధ్యలో ఉండాల్సిన హబ్ రింగు లేదు. అంటే చక్రాన్ని మధ్యకి తెచ్చేది నట్ల ఏటవాలు ముఖాలు మాత్రమే. బండి నేల మీద ఉండగా గన్‌తో బిగిస్తే, మొదటి నట్టు చక్రాన్ని ఎటు లాగితే అక్కడే ఉండిపోతుంది. విప్పేటప్పుడు ఎడమ చక్రం నట్టు ఒకటి 200 న్యూటన్ మీటర్లు దాటితే గానీ కదల్లేదు, పక్కది 90కే వచ్చేసింది. ఈ స్టడ్లకి కావలసింది 100-110.

రిమ్ము పైకీ కిందకీ ఊపు బండి మీద కొలిస్తే 0.9 మి.మీ., బ్యాలెన్సింగ్ మెషిన్ మీద 0.2. మెషిన్ మీద శంఖం ఆకారపు కోన్ చక్రాన్ని మధ్యకి తెస్తుంది, అందుకే అది ఎప్పుడూ సున్నా చూపించింది. బండి మీద చక్రం 0.45 మి.మీ. పక్కకి కూర్చుంది. టైరుతో కలిపి 17 కిలోల చక్రం అంత జరిగితే, 190 మి.మీ. వ్యాసార్ధపు రిమ్ము అంచున 40 గ్రాముల సీసం అంటించినట్టు. మెషిన్ మీద ఐదు గ్రాముల కోసం కుస్తీ పడి, బండి మీద నలభై వదిలేశారన్నమాట.

ఏం చేశాం, ఏది పనిచేయలేదు

హబ్ ముఖాన్ని వైరు బ్రష్‌తోనూ, స్టడ్ల చుట్టూ తిరిగే కప్పు బ్రష్‌తోనూ శుభ్రం చేశాం. గ్రైండర్ వాడలేదు. అది తుప్పుతోపాటు ఇనుమునీ తీస్తుంది, తర్వాత ఆ పల్లం పోదు. శుభ్రం చేశాక ఒట్టి హబ్ ఊపు 0.015, డిస్క్ పెట్టాక 0.035. హబ్ వంగలేదని తేలింది, ఖరీదైన పని తప్పింది.

స్లైడ్ పిన్నులకి బ్రేకుల కోసం చేసిన సిలికాన్ గ్రీజు పెట్టాం. మామూలు చాసిస్ గ్రీజు పెడితే రబ్బరు బూటు ఉబ్బి పిన్ను మళ్లీ బిగుస్తుంది. అల్లాయ్‌లకి అల్యూమినియం హబ్ రింగులు వేసి, చక్రం గాల్లో ఉండగా ఎదురెదురు నట్లు చేత్తో తిప్పి, కిందకి దించాక 105కి టార్క్ రెంచ్‌తో బిగించాం. రిమ్ము ఊపు 0.3కి వచ్చింది.

డిస్కులు వేసి 3,200 కిలోమీటర్లే అయింది కాబట్టి వాటిని ముట్టుకోకుండా చూద్దామనుకున్నాం. మూలం తీసేశాం, మిగతా తేడా బ్రేకు అరుగుదలలో సర్దుకుంటుందని ఆశ. 60 నుంచి 20కి, పూర్తిగా ఆగకుండా, అరనిమిషం ఎడంతో 25 బ్రేకులు కొట్టాం. బ్రేకు లేని వణుకు పూర్తిగా పోయింది. బ్రేకు వణుకు కాస్త తగ్గిందేమో అనిపించిందే తప్ప పోలేదు. 0.024 తేడా పాతిక బ్రేకులకి పోదు. ఈ ప్రయత్నం వల్ల ఒక లాభం మాత్రం ఉంది, రెండు వణుకులకీ రెండు కారణాలని చేతికే తెలిసింది.

తర్వాత రెండు డిస్కులూ లేత్‌కి పంపాం, షోరూమ్ వాళ్లు మొదటిసారి చేసిన పనే. హబ్ బాగుంది కాబట్టి బండి మీదే తిప్పి కోసే యంత్రం అవసరం లేదు. ఒట్టి హబ్బే 0.05 ఊగుతుంటే అది తప్పేది కాదు, లేదా హబ్ మార్చాలి. లేత్ అతనికి చెప్పింది ఒక్కటే: డిస్క్ హబ్‌కి ఆనే లోపలి ముఖం శుభ్రం చేసి, దాన్నే ఆధారం చేసుకుని బిగించాలి. ఒక్కో ముఖం మీద 0.08 మి.మీ. చొప్పున కోస్తే 21.80 దగ్గర ఆగింది. డిస్క్ అంచు మీద అచ్చేసిన కనీస మందం 20. కుడి డిస్క్‌లో లోపం లేకపోయినా దాన్నీ కోయించాం. ఒక వైపు కొత్త ముఖం, ఇంకో వైపు పాతది ఉంటే కొన్నాళ్లు బ్రేకులో బండి పక్కకి లాగుతుంది. ప్యాడ్లని చదునైన పలక మీద 80 నంబరు ఎమరీ పేపరుతో, నీళ్లు చల్లి, మెరుపు పోయేదాకా రుద్దాం.

బిగించాక ఎడమ రనౌట్ 0.03, మందంలో తేడా 0.005. మళ్లీ 25 బ్రేకులు, పది నిమిషాలు బ్రేకు లేకుండా నడిపి చల్లార్చడం. 100 నుంచి బ్రేకులో స్టీరింగ్ కదల్లేదు.

బిల్లు అక్కడే ఇచ్చేశాం గానీ కేసు అక్కడ మూయలేదు. ఇంతకుముందు రెండు రిపేర్లూ రోడ్ టెస్ట్‌లో నెగ్గినవే. అవి ఓడిపోయింది 2,300 దగ్గర, 2,800 దగ్గర. అందుకే 100 కి.మీ. తర్వాత నట్ల టార్క్, ఆపైన 1,000కి, 3,500కి, 6,000కి డిస్క్ కొలతలు అని ఓనరుతో ముందే మాట్లాడుకున్నాం. మందంలో తేడా 1,000 దగ్గర 0.005, 3,500 దగ్గర 0.006. చివరిసారి 6,100 కి.మీ. దగ్గర వచ్చారు, టైర్ రొటేషన్ కూడా అప్పుడే. 0.007, రనౌట్ 0.035. చక్రం తీసినప్పుడల్లా, డిస్క్ వాలకుండా, వెంటనే రెండు నట్లు వాషర్లతో చేత్తో బిగించి ఉంచుతున్నాం. ఓనరుకి కూడా అదే రాసిచ్చాం: పంక్చరు షాపులో చక్రం ఊడదీయగానే రెండు నట్లు డిస్క్‌కి పెట్టమనాలి, గన్ వద్దని చెప్పాలి.